విదేశాలకు వెళ్తున్నారా? విమానం ఎక్కేలోపు మీ పోస్ట్‌పెయిడ్ నంబర్ సంగతి తేల్చండి

వీసా వచ్చింది. టికెట్ బుక్ అయింది. ఆవకాయ ప్యాకింగ్ దగ్గర్నుంచి అద్దె ఇల్లు ఖాళీ చేయడం దాకా అన్నీ జాబితా రాసుకున్నారు. అందులో ‘మొబైల్ నంబర్’ అనే మాట ఉందా? చాలామంది జాబితాల్లో ఉండదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లే క్యూలో నిలబడినప్పుడు గుర్తొస్తుంది. ‘ఈ పోస్ట్‌పెయిడ్ బిల్లు ఎవరు కడతారు?’ అని.

అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయాలు రెండు రకాలు. ఒకటి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనెక్షన్ తీసేయమనడం. రెండోది, ‘అక్కడికెళ్లాక చూద్దాంలే’ అని వదిలేయడం. ఈ రెండింటిలో ఏది చేసినా తర్వాత ఇబ్బంది పడే అవకాశం ఎక్కువ. మొదటిది చేస్తే బ్యాంకు ఓటీపీలు ఆగిపోతాయి. రెండోది చేస్తే బిల్లు పేరుకుపోయి, వసూలు ఏజెంట్ల ఫోన్లు ఊళ్లో నాన్నగారికి వెళ్తాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే ఇది. కనీసం నెల ముందు కూర్చుంటే ఒక పూటలో తేలిపోయే పని.

అసలు మధ్యలో మానేస్తే జరిమానా ఉంటుందా?

ముందు ఈ భయం తీర్చుకుందాం. అమెరికా, యూరప్‌లలో మాదిరిగా రెండేళ్ల ఒప్పందంతో ఫోన్, సిమ్ కలిపి అమ్మే పద్ధతి మన దేశంలో పెద్దగా పాతుకుపోలేదు. ఇక్కడ మామూలు పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ నెలవారీ అద్దె మీద నడుస్తుంది. వద్దనుకున్నప్పుడు బకాయి కట్టేసి బయటకు రావచ్చు. ట్రాయ్ టారిఫ్ నిబంధనల ప్రకారం ఒక ప్లాన్‌లో చేరిన ఆరు నెలల్లోపు కంపెనీ మీకు నష్టం కలిగేలా దాన్ని మార్చకూడదు. మీరు మాత్రం ఎప్పుడైనా వేరే ప్లాన్‌లోకి మారవచ్చు.

అయితే మీరు తీసుకున్న ప్లాన్‌లో ప్రత్యేక షరతులేమైనా ఉన్నాయేమో ఒకసారి చూసుకోవాలి. ఫ్యాన్సీ నంబర్, రాయితీ మీద ఇచ్చిన ఫోన్, ఏడాది ముందుగా కట్టిన అద్దె, ఇలాంటివి ఉంటే సంతకం పెట్టిన ఫారంలో (ఇప్పుడు మెయిల్‌లో వచ్చే పీడీఎఫ్‌లో) ఏం రాశారో చదవండి. ఫోన్‌ని ఈఎంఐ మీద కొని ఉంటే ఆ అప్పు ఫైనాన్స్ కంపెనీది లేదా బ్యాంకుది. సిమ్ తీసేసినంత మాత్రాన ఈఎంఐ ఆగదు. ఈ రెండూ వేరు వేరు లెక్కలు.

మరి జరిమానా లేకపోతే ఇంత హడావుడి దేనికి? ఎందుకంటే ఇక్కడ పోయేది డబ్బు కంటే పెద్దది. పదేళ్లుగా మీ పేరుకి, బ్యాంకుకి, ఆధార్‌కి, పీఎఫ్‌కి కట్టుకున్న ముడి అంతా ఆ పది అంకెల్లో ఉంది.

నంబర్ వదిలేస్తే ఏమవుతుంది?

మీరు కనెక్షన్ రద్దు చేశాక ఆ నంబర్ కొన్నాళ్లు ఖాళీగా ఉంటుంది. కనీసం 90 రోజుల వరకు దాన్ని వేరేవాళ్లకు కేటాయించరని ట్రాయ్ 2023 నవంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది. దీన్ని తిరగేసి చదివితే, 90 రోజులు దాటాక మీ నంబర్ ఎవరి చేతికైనా వెళ్లవచ్చు. అదే కేసులో కోర్టు మరో మాట కూడా స్పష్టం చేసింది. పాత నంబర్‌కి అనుబంధంగా ఉన్న వాట్సాప్ ఖాతాను, డేటాను తొలగించుకుని వ్యక్తిగత వివరాలు కాపాడుకోవాల్సింది పాత వినియోగదారుడే.

కొత్తగా ఆ నంబర్ తీసుకున్నాయనకి మీమీద కక్షేం ఉండదు. కానీ మీ బ్యాంకు ఎస్ఎంఎస్‌లు, మీ కొరియర్ ఓటీపీలు, మీ స్నేహితుల ఫోన్లు ఆయనకు వెళ్తుంటాయి. ఆయన మంచివాడైతే విసుక్కుంటాడు. కాకపోతే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు బ్యాంకులు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. రద్దయిన నంబర్ల జాబితాతో ఖాతాల్లోని నంబర్లను సరిచూసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు సూచించింది. యూపీఐ యాప్‌లు, బ్యాంకులు కనీసం వారానికోసారి ఈ జాబితాను సరిచూసుకునే ఏర్పాటు ఆ ఏడాది ఏప్రిల్ 1కల్లా చేసుకోవాలని ఎన్‌పీసీఐ చెప్పింది. మోసాలు ఆపడానికి ఇది మంచి పనే. కానీ మీరు చడీచప్పుడు లేకుండా నంబర్ రద్దు చేసుకుని వెళ్లిపోతే ఒక రోజు మీ యూపీఐ కూడా చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది.

ఆధార్ మరీ ముఖ్యం. ఆధార్ ఓటీపీ ఇండియా నంబర్‌కే వస్తుంది. అక్కడి ప్లస్ వన్ నంబర్‌కి రాదు. పీఎఫ్ డబ్బు తీసుకోవాలన్నా, డిజీలాకర్ తెరవాలన్నా, ఆదాయపన్ను రిటర్ను ఆధార్‌తో ధ్రువీకరించాలన్నా ఆ ఓటీపీ కావాలి. ఉద్యోగం మానేసి వెళ్తున్నవాళ్లలో చాలామంది పీఎఫ్ సంగతి అక్కడికెళ్లాకే మొదలుపెడతారు. అప్పుడు చేతిలో సిమ్ ఉండదు.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. ఆధార్‌కి, ప్రధాన బ్యాంకు ఖాతాకి అనుసంధానమైన నంబర్‌ని వదులుకోకండి. పోస్ట్‌పెయిడ్‌ని మాత్రం వదిలించుకోండి. ఈ రెండూ ఒకేసారి చేయడం సాధ్యమే.

పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కి

నంబర్ అదే ఉంచుకుని అదే కంపెనీలో ప్రీపెయిడ్‌కి మారడమే ఎక్కువమందికి సరిపోయే దారి. ఇంతకుముందు దీనికి మళ్లీ ఫొటో, ఫారం, షాపు చుట్టూ తిరగడం అన్నీ ఉండేవి. 2021 సెప్టెంబరులో టెలికాం శాఖ నిబంధనలు సడలించాక ఓటీపీతోనే మారే వీలు వచ్చింది. కంపెనీ యాప్‌లో గానీ స్టోర్‌లో గానీ అడగండి. అప్పటిదాకా ఉన్న బిల్లు మొత్తం కట్టాల్సి ఉంటుంది.

ఎంత మిగులుతుందో లెక్క చూద్దాం. నెలకు రూ.449 ప్లాన్ అనుకోండి. 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు రూ.530. ఏడాదికి రూ.6,350 పైచిలుకు. అది మీరు వాడని డేటాకి, మాట్లాడని కాల్స్‌కి. ప్రీపెయిడ్‌లో అయితే డేటా లేని ప్లాన్లు ఉన్నాయి. కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే వోచర్లు తప్పనిసరిగా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. వోచర్ గడువు 90 రోజులకు మించకూడదన్న పాత పరిమితిని 365 రోజులకు పెంచింది. ఆ ఆదేశం తర్వాత 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 365 రోజులకు రూ.1,849తో, జియో 336 రోజులకు రూ.1,748తో ఇలాంటి ప్లాన్లు తెచ్చాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు యాప్‌లో చూసుకోండి. ఇవి యాప్ మొదటి పేజీలో కనబడవు, కాస్త కిందికి వెళ్లి వెతకాలి. ఎందుకు అక్కడ పెట్టారో మీకూ తెలుసు.

ఏడాదికోసారి రీచార్జ్ అంటే మరిచిపోవడం చాలా తేలిక. ఫోన్ క్యాలెండర్‌లో గడువుకి పది రోజుల ముందు ఒక గుర్తు పెట్టుకోండి. ఇంట్లో తమ్ముడికో చెల్లికో కూడా చెప్పి ఉంచండి.

‘90 రోజుల’ నిబంధనలో ఉన్న మెలిక

‘ప్రీపెయిడ్ సిమ్‌లో 20 రూపాయలుంటే చాలు, నంబర్ పోదు’ అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఇది పుకారేం కాదు. ట్రాయ్ 2013లో వినియోగదారుల రక్షణ నిబంధనలకు చేసిన ఆరో సవరణలో ఉంది. 90 రోజుల కంటే తక్కువ కాలం వాడలేదన్న కారణంతో నంబర్‌ని తీసేయకూడదు. 90 రోజులు దాటినా, ఖాతాలో రూ.20 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ మొత్తం కోసుకుని 30 రోజులు పొడిగించాలి. బ్యాలెన్స్ ఉన్నంతవరకు ఇలా సాగుతుంది. తీసేసినా 15 రోజుల్లోపు వెళ్లి అడిగితే అదే నంబర్ ఇవ్వాలి.

మెలిక రెండు చోట్ల ఉంది. నంబర్ మీ పేరున ఉండటం, ఆ నంబర్‌కి ఓటీపీ రావడం రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. ప్లాన్ గడువు అయిపోయాక కంపెనీలు ముందు అవుట్‌గోయింగ్, కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ ఆపేస్తాయి. నంబర్ ఇంకా మీదే, కానీ అందులోకి ఏదీ రాదు. బ్యాంకు ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. కాబట్టి 20 రూపాయల నిబంధనని ప్రమాదంలో పట్టుకునే కొమ్మలాగా చూడండి, దాని మీద కాపురం పెట్టకండి.

రెండోది ఇంకా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘వాడకం’ అంటే ఏమిటో ఆ నిబంధనలే చెప్పాయి. వచ్చిన లేదా చేసిన కాల్, పంపిన ఎస్ఎంఎస్, డేటా వాడకం, పోస్ట్‌పెయిడ్ అయితే అద్దె కట్టడం వంటివి లెక్కలోకి వస్తాయి. వచ్చిన ఎస్ఎంఎస్ ఆ జాబితాలో లేదు. అంటే మీ సిమ్‌కి రోజూ పది బ్యాంకు మెసేజ్‌లు వచ్చినా ‘వాడుతున్నట్టు’ కాదు. అందుకే రెండు నెలలకోసారైనా ఆ నంబర్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపండి, లేదా ఇంట్లోవాళ్లతో దానికి ఒక కాల్ చేయించుకుని ఎత్తండి. రోమింగ్ చార్జీ పడుతుంది, పడనివ్వండి.

పోస్ట్‌పెయిడ్‌లోనే ఉండాలనుకునేవాళ్లకు ‘సేఫ్ కస్టడీ’ అని ఒక సౌకర్యం కూడా అదే 2013 సవరణలో ఉంది. మీరు అడిగితే కనెక్షన్‌ని తాత్కాలికంగా పక్కన పెడతారు. ప్రతి మూడు నెలలకు గరిష్ఠంగా రూ.150 మించి తీసుకోకూడదు. ఆరు నెలల ప్రాజెక్టు మీద వెళ్లి తిరిగొచ్చేవాళ్లకు, వేరే నంబర్ మీద ఓటీపీలు తెచ్చుకునేవాళ్లకు ఇది బాగుంటుంది. కానీ కస్టడీలో ఉన్నంతకాలం ఆ సిమ్ పనిచేయదు, ఓటీపీ రాదు. స్టోర్‌లో కుర్చీలో కూర్చున్న అబ్బాయికి ఈ పేరు తెలియకపోవచ్చు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి అడగడం మేలు.

సిమ్ ఎవరి దగ్గర ఉండాలి?

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇది. కొడుకు అమెరికా వెళ్తూ సిమ్ తీసి నాన్న పాత ఫోన్‌లో వేసి వెళ్తాడు. డల్లాస్‌లో మధ్యాహ్నం రెండవుతుంది, ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ‘నాన్నా, ఒక ఓటీపీ వచ్చింది చూడు’ అని ఫోన్. ఆయన కళ్లజోడు వెతుక్కుని, మెసేజ్ తెరిచి, ఆరు అంకెలు చదివేసరికి సమయం అయిపోతుంది. మళ్లీ పంపమంటారు.

అవస్థ సంగతి అలా ఉంచండి. ఇందులో ప్రమాదం ఉంది. ‘ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పడం’ అనే అలవాటు మనమే పెద్దవాళ్లకు నేర్పిస్తున్నాం. రేపు మీ స్నేహితుడినని చెప్పి ఎవడో ఫోన్ చేస్తే ఆయన అంతే శ్రద్ధగా చదివి చెబుతారు.

అందుకే సిమ్ మీ వెంటే ఉండాలి. రెండు సిమ్‌లు పట్టే ఫోన్‌లో ఇండియా నంబర్‌ని రెండో సిమ్‌గా ఉంచుకోండి. అంతర్జాతీయ రోమింగ్‌ని ఇక్కడ ఉండగానే యాక్టివేట్ చేయించండి. అక్కడికెళ్లాక చేయించడం తలనొప్పి. ఇన్‌కమింగ్ ఎస్ఎంఎస్‌లకు రోమింగ్‌లో మామూలుగా చార్జీ ఉండదు. డేటా రోమింగ్ మాత్రం ఆ సిమ్‌కి తప్పక ఆఫ్ చేయండి. ఇన్‌కమింగ్ కాల్ ఎత్తినా నిమిషానికి బాదుతారు. లోన్ కావాలా అని అడిగే అమ్మాయి కాల్‌ని హ్యూస్టన్‌లో ఎత్తి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక్కడే ఇంకో సంగతి. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో ఐఫోన్ 14 నుంచి సిమ్ పెట్టే అర లేదు. అన్నీ ఈ-సిమ్‌లే. అక్కడికెళ్లి కొత్త ఐఫోన్ కొనాలని ప్లాన్ ఉంటే మీ ఇండియా సిమ్‌ని ఇక్కడే ఈ-సిమ్‌గా మార్చించుకోండి. అయితే విమానం ఎక్కే రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు ఆపాలని మోసాల నివారణ కోసం టెలికాం శాఖ ఆదేశాలున్నాయి. ఆ రోజంతా ఓటీపీలు రావు. ఇంకా, 2024 జులై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల వరకు వేరే కంపెనీకి పోర్ట్ కావడం కుదరదు. పోర్టింగ్, ఈ-సిమ్ రెండూ చేయాలనుకుంటే ముందు పోర్టింగ్, ఆ తర్వాత ఈ-సిమ్. రెండు మూడు వారాల ముందు మొదలుపెడితే నిమ్మళంగా అయిపోతాయి.

వాట్సాప్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇండియా నంబర్‌తోనే వాట్సాప్ నడుపుతూ సిమ్‌ని ఎక్కడో డబ్బాలో పడేసేవాళ్లు చాలామంది. ఖాతా ఏ సిమ్‌తో తెరిచారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే మెసేజింగ్ యాప్‌లు పనిచేసేలా చూడాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. సిమ్ వెంట ఉంచుకోవడానికి ఇదొక కారణం.

కంపెనీ పేరున ఉన్న నంబర్, ఫ్యామిలీ ప్లాన్

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లలో కొందరి నంబర్లు వాళ్ల పేరున ఉండవు. ఆఫీసు కార్పొరేట్ కనెక్షన్ ఇచ్చి ఉంటుంది. పదేళ్లుగా వాడుతున్నా కాగితం మీద అది కంపెనీదే. రాజీనామా చేశాక దాన్ని రద్దు చేసే హక్కు వాళ్లకుంది. చివరి పనిదినానికి ముందే హెచ్‌ఆర్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని మీ పేరుకి మార్పించుకోండి. నోటీసు పీరియడ్‌లో చేయాల్సిన పనుల్లో ఇది మొదటిది కావాలి, చివరిది కాదు.

ఫ్యామిలీ ప్లాన్‌లో ప్రధాన నంబర్ మీదైతే, మీరు రద్దు చేసినా మారినా దాని కింద ఉన్న అమ్మ, భార్య, తమ్ముడి నంబర్ల పరిస్థితి ఏమిటో అడగండి. వాటిని విడదీయడమో, వేరొకరిని ప్రధాన వినియోగదారుగా చేయడమో ముందే జరగాలి. బిల్లు కట్టలేదని మీ కనెక్షన్ ఆపితే వాళ్లవీ ఆగుతాయి.

మీ పేరున తీసుకుని ఇంట్లో వేరేవాళ్లు వాడుతున్న సిమ్‌లు ఎన్ని? సంచార్ సాథీ పోర్టల్‌లో మీ నంబర్‌తో లాగిన్ అయితే మీ పేరున ఉన్న కనెక్షన్లన్నీ కనబడతాయి. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పవచ్చు. దేశం విడిచి వెళ్లే ముందు ఇది చూసుకోవడం పది నిమిషాల పని. మీ పేరున ఉన్న సిమ్‌తో ఎవరేం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే కదా.

రద్దు చేయాలనే అనుకుంటే

రెండో నంబర్, పిల్లల నంబర్, డేటా కార్డు, వీటిని ఉంచుకోవాల్సిన అవసరం లేదు. తీసేయండి. కానీ పద్ధతిగా తీసేయండి.

ముందుగా ఆ నంబర్ ఎక్కడెక్కడ ఇచ్చారో గుర్తు చేసుకోవాలి. బ్యాంకులు, డీమ్యాట్, ఎల్ఐసీ, మ్యూచువల్ ఫండ్లు, గ్యాస్, జీమెయిల్ రికవరీ నంబర్. మెసేజ్‌ల ఇన్‌బాక్స్‌లో గత ఏడాదిగా ఎవరెవరు ఓటీపీలు పంపారో పైకి కిందికి చూస్తే జాబితా దానంతటదే తయారవుతుంది. అన్నిచోట్లా నంబర్ మార్చాక, ఆ నంబర్ మీదున్న వాట్సాప్ ఖాతాను కొత్త నంబర్‌కి మార్చండి, లేదా తొలగించండి. ఆధార్‌లో నంబర్ మార్చాలంటే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. హైదరాబాద్ మాదాపూర్‌లో, విజయవాడలో ఆధార్ సేవా కేంద్రాలున్నాయి. కొన్ని బ్యాంకు శాఖలు, పోస్టాఫీసుల్లోనూ చేస్తారు. ఇదంతా అయ్యాకే రద్దు దరఖాస్తు.

దరఖాస్తు ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. స్టోర్‌లో రాసివ్వండి, లేదా మెయిల్ పెట్టండి. అభ్యర్థన నంబర్ అడిగి తీసుకోండి. ‘సార్, మీకు సగం ధరకే ప్లాన్ ఇస్తాం’ అని రెండు మూడు కాల్స్ వస్తాయి. అది వాళ్ల ఉద్యోగం. వద్దని మర్యాదగా చెప్పండి. కాల్ ఎత్తకపోతే ‘వినియోగదారుడు అందుబాటులో లేరు’ అని రాసి దరఖాస్తు మూసేసే అవకాశం ఉంది. నాకు అలాగే జరిగింది. రద్దయిందనుకున్న కనెక్షన్‌కి మూడు నెలల తర్వాత బిల్లు వచ్చింది. అభ్యర్థన నంబర్ రాసిపెట్టుకుని ఉండటం వల్ల ఆ బిల్లు రద్దు చేయించగలిగాను, లేకపోతే కట్టేవాడినే.

బిల్లు సైకిల్ ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని, దానికి దగ్గరగా రద్దు తేదీ పెట్టుకుంటే లెక్క తేలిక. చివరి బిల్లు కట్టాక ‘బకాయి లేదు’ అని మెయిల్ తెప్పించుకుని దాచండి. క్రెడిట్ కార్డు మీద, యూపీఐ మీద పెట్టిన ఆటోపేని రద్దు చేయండి. చివరి బిల్లు కట్టకముందే ఆటోపే తీసేసి, బిల్లు సంగతి మరిచిపోయేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

కనెక్షన్ తీసుకున్నప్పుడు, లేదా అంతర్జాతీయ రోమింగ్ పెట్టించుకున్నప్పుడు కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ ఉందా? పాత కనెక్షన్లకు ఉండే అవకాశం ఎక్కువ. కనెక్షన్ మూసేశాక డిపాజిట్ తిరిగివ్వడానికి ట్రాయ్ నాణ్యతా నిబంధనలు గడువు పెట్టాయి. అడగనివాళ్లకి గుర్తుచేసి మరీ ఇచ్చే కంపెనీలు తక్కువ. ఏ ఖాతాలో వేయాలో రద్దు దరఖాస్తులోనే రాయండి, ఆ ఖాతా మరో మూడు నెలలు తెరిచి ఉంచండి.

వెయ్యి రూపాయల బిల్లే కదా అని వదిలేసి విమానం ఎక్కితే? పోలీసు కేసులేం పెట్టరు. కానీ ఆలస్య రుసుములు చేరతాయి, వసూలు ఏజెన్సీ నుంచి ఫోన్లు, ఇంటి చిరునామాకి లోక్ అదాలత్ నోటీసులు రావచ్చు. టెలికాం కంపెనీలు క్రెడిట్ బ్యూరోల్లో సభ్యులుగా ఉండవచ్చు కాబట్టి ఆ బకాయి మీ క్రెడిట్ రిపోర్టులోకీ ఎక్కవచ్చు. రేపు ఇక్కడ ఫ్లాట్ కొనడానికి ఎన్ఆర్ఐ హోమ్‌లోన్‌కి వెళ్తే ఆ చిన్న బాకీ అక్కడ పలకరిస్తుంది.

బ్యాంకుకి చెప్పడం మరవకండి

ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు తమ సాధారణ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఫెమా నిబంధన ఇది. ఆ పని చేసేటప్పుడే మొబైల్ నంబర్ విషయం కూడా తేల్చుకోవచ్చు. చాలా బ్యాంకులు ఎన్ఆర్ఐ ఖాతాలకు విదేశీ నంబర్‌ని నమోదు చేస్తాయి. యూపీఐకి కూడా దారి ఉంది. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలున్నవాళ్లు విదేశీ నంబర్‌తో యూపీఐ వాడేందుకు ఎన్‌పీసీఐ 2023 జనవరిలో పది దేశాలతో అనుమతి మొదలుపెట్టింది. అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్. మీ బ్యాంకు, మీ యాప్ రెండూ దీన్ని ఇస్తున్నాయో లేదో అడగండి.

ఇండియా నంబర్‌తోనే యూపీఐ కొనసాగిస్తే ఒక్క విషయం. కొత్త ఫోన్‌లో యాప్ పెట్టినప్పుడు ఆ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ బయటకు వెళ్లాలి. రోమింగ్ లేకపోతే వెళ్లదు. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ఇక్కడున్నప్పుడే మార్చేయండి.

అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు

ఒప్పందం మధ్యలో తెంచుకోవడం అసలైన తలనొప్పి అయ్యేది ఇటువైపు ప్రయాణంలోనే. అమెరికాలో ఇప్పుడు రెండేళ్ల సర్వీసు ఒప్పందాలు దాదాపు పోయాయి. వాటి స్థానంలో ఫోన్ వాయిదాలు వచ్చాయి. ‘ఫోన్ ఉచితం’ అని ఇస్తారు. నిజానికి దాని ధరని 24 లేదా 36 నెలలకు విభజించి, ప్రతినెలా బిల్లులో అంత మొత్తాన్ని తగ్గిస్తూ వస్తారు. మీరు పద్నాలుగో నెలలో రద్దు చేస్తే ఆ తగ్గింపు ఆగిపోతుంది, మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టాలి. పైగా వాయిదాలు తీరేదాకా ఫోన్ లాక్ అయి ఉండవచ్చు. ఇక్కడికి తెచ్చాక మన సిమ్ పనిచేయదు. తిరిగి రావాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా ‘ఉచిత’ ఫోన్ జోలికి వెళ్లకండి. అమెరికా నంబర్ ఉంచుకోవాలంటే దాన్ని గూగుల్ వాయిస్‌కి పోర్ట్ చేయడం చాలామంది చేసే పని. ఒకసారి 20 డాలర్లు కట్టాలి. అమెరికాలో ఉండగానే చేయాలి. కొన్ని బ్యాంకులు ఇలాంటి ఇంటర్నెట్ నంబర్లకు ఓటీపీ పంపవు కాబట్టి ముందే పరీక్షించుకోండి.

బ్రిటన్‌లో దేశం విడిచి వెళ్తున్నామన్న కారణం చూపి కనీస కాలపరిమితి నుంచి ఉచితంగా తప్పించుకునే చట్టబద్ధ హక్కు లేదు. మిగిలిన నెలలకు చార్జీ ఎంత పడుతుందో తెలుసుకోవడానికి 85075 నంబర్‌కి ‘ఇన్ఫో’ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టండి. ఆ మొత్తం చూసి, మిగిలిన కాలానికి చవక ప్లాన్‌లోకి దిగడం మేలా, కట్టేసి బయటపడటం మేలా లెక్కేసుకోండి.

జర్మనీలో 2021 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న కొత్త టెలికాం చట్టం ప్రకారం, మొదటి ఒప్పంద కాలం (గరిష్ఠంగా 24 నెలలు) ముగిశాక ఒక నెల నోటీసుతో ఎప్పుడైనా మానేయవచ్చు. ఇల్లు మారినచోట కంపెనీ ఆ సేవ ఇవ్వలేకపోతే మధ్యలోనూ నెల నోటీసుతో రద్దు చేసుకునే హక్కు 60వ సెక్షన్‌లో ఉంది. ఇంటి ఇంటర్నెట్ విషయంలో ఇది తేలిగ్గా సాగుతుంది. మొబైల్ విషయంలో కంపెనీలు వాదనకు దిగుతాయి. ఏదేమైనా నగర కార్యాలయంలో చిరునామా రద్దు చేసుకున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం జతచేసి రాతపూర్వకంగా అడగండి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లయితే వీసా రద్దుకి ముందే టెలికాం బిల్లు తీర్చి రసీదు తెచ్చుకోవాలి. యూఏఈలో నంబర్ ఎమిరేట్స్ ఐడీకి ముడిపడి ఉంటుంది. మళ్లీ అదే దేశానికి వెళ్లాల్సి వస్తే పాత బాకీ కొత్త కనెక్షన్‌కి అడ్డం పడుతుంది.

కంపెనీ వినకపోతే?

ముందు కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. రుసుము లేదు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కే నేరుగా రాస్తే పని అవుతుందని చాలామంది అనుకుంటారు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదుల్ని విచారించదు.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. టెలికాం వివాదాలు కమిషన్ల పరిధిలోకి రావని కంపెనీలు ఏళ్లపాటు వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని తేల్చింది. విదేశంలో ఉన్నవాళ్లు ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వేయవచ్చు. అందుకు రద్దు దరఖాస్తు మెయిల్, అభ్యర్థన నంబర్, చివరి బిల్లు రసీదు కావాలి. ఈ మూడింటినీ సూట్‌కేసులో కాకుండా మెయిల్‌లో ఒక ఫోల్డర్‌లో వేసుకుని వెళ్లండి.